నేను లేవని నూలు పున్నమి

పద్నాలుగేళ్లుగా ఒక బరువు మోస్తున్నాను. చద్దర్ల మూట మోస్తే దించగానే నడుం నొప్పి తగ్గుతుంది. దీన్ని దించడానికి చోటు దొరకలేదు. దొరకలేదా, నేను వెతకలేదా? వెతకలేదు. చూశారా, రెండు ముక్కలు రాశానో లేదో అప్పుడే ఒక అబద్ధం దొర్లబోయింది. నాకది అలవాటైపోయింది. అందుకని ఈ కాగితంలో చాలాచోట్ల ఆగి దిద్దుకుంటాను. ఓపిక పట్టండి.

మీరెవరో నాకు తెలియదు. నేనెవరో మీకు చెప్పను. రైల్లో ఎదురు సీటు మనిషికి ఇంటి గుట్టంతా చెప్పేసి తన స్టేషన్లో దిగిపోయేవాళ్లుంటారు కదా, అలా అనుకోండి. కాకపోతే నేను ఎక్కడా దిగిపోను. పుట్టిన వాడలోనే ఉన్నాను, షోలాపూర్ దాజీ పేటలో. మా తాత తెలంగాణ నుంచి మగ్గం పని వెతుక్కుంటూ వచ్చి ఇక్కడే ఉండిపోయాడు. నాకు ఎనిమిది సాంచాలున్నాయి. కరెంటు మగ్గాల్ని మేం సాంచాలంటాం. తువ్వాళ్లు, చద్దర్లు నేయిస్తాను. నలుగురూ నమస్కారం పెడతారు. ఆ నమస్కారం తీసుకున్న ప్రతిసారీ నాకు లోపల ఏదో కలుక్కుమంటుంది.

పేపర్లో రాజీనామా వార్త కనబడితే నేను మిగతా పేపరు పక్కన పెట్టేస్తాను. ఏదో రాష్ట్రంలో ముఖ్యమంత్రి దిగిపోయాడని ఉంటుంది. ఏదో దేశంలో సేనాధిపతి పదవి వదిలేశాడని ఉంటుంది. ఒకసారి ఎక్కడో దూరదేశంలో ఒక మతగురువు బతికుండగానే గద్దె దిగాడని రాశారు, దాన్ని మూడుసార్లు చదివాను. అన్నింటిలోనూ ఒకే మాట ఉంటుంది, స్వచ్ఛందంగా తప్పుకున్నారని. మా పిల్లలు దిగిపోయినవాడి ఫొటో చూస్తారు. నేను ఆ ఫొటోలో వెనకాల కూర్చున్నవాళ్లను చూస్తాను. వీళ్లలో ఎవడు నోరు మెదపకుండా కూర్చున్నాడు? ఎవడు లేవాల్సి ఉండి లేవలేదు? ఇలాంటి ఆలోచన మామూలు మనిషికి రాదు. నాకెందుకొస్తుందో చెప్పడానికే ఇదంతా.

మా వాడలో నలభై ఇళ్లు. వాడకొక పెద్ద ఉంటాడు. జీతం లేదు, భత్యం లేదు, తిట్లు మాత్రం దండిగా దొరుకుతాయి. ఎవరింట్లో చావు జరిగితే ఎవరు భుజం పట్టాలి, నల్లా దగ్గర ఎవరి వంతు, సాంచాలు ఏ రోజు బంద్, కార్ఖానాదారుకీ నేసేవాడికీ తగాదా వస్తే ఎవరిది న్యాయం, ఇవన్నీ అతనే తేల్చాలి. ఇరవై ఏళ్లకు పైగా ఆ పెద్ద మా నాన్న.

శ్రావణంలో వచ్చే నూలు పున్నమి నాడు మాకొక పద్ధతి ఉంది. ముందురోజు ప్రతి ఇంటి నుంచి ఒక పోగు గుడికి వస్తుంది. పొద్దున్నే మార్కండేయ స్వామి ముందు చేతిమగ్గం మీద ఆ పోగులన్నీ పేకలో, అంటే అడ్డపోగుల్లో, కలిపి ఒక కండువా నేస్తారు. పూజ అయ్యాక వాడ పెద్ద లేచి తన పాత కండువా తీసి దేవుడి ముందు పెట్టి, "ఏడాది మోసిన. ఇగ మీ ఇష్టం," అంటాడు. అంటే రాజీనామా ఇచ్చినట్టే. ఏటా ఇస్తాడు. హారతి వెలిగించి పళ్లెం అందరి దగ్గరికీ తిప్పుతారు. ఆ పళ్లెం తిరిగి దేవుడి ముందుకు వచ్చేలోపు, అంతకు ముందు పెద్దగా ఉన్నవాళ్ల ఇంటి మనిషి లేచి కొత్త కండువా తీసి అతని భుజాన వెయ్యాలి. ఇంకెవరూ దాన్ని ముట్టుకోకూడదు. వేస్తే, వాడంతా ఇంకో ఏడాది నువ్వే ఉండు అన్నట్టు. పళ్లెం తిరిగొచ్చేసినా ఎవరూ లేవకపోతే, వాడ నిన్ను వద్దనుకున్నట్టు. అలా జరిగిందని మా ముసలివాళ్లు కూడా ఎరగరు. రాజీనామా ఇవ్వడం, దాన్ని తోసిపుచ్చడం, తర్వాత అందరం కలిసి భోజనం చెయ్యడం. పండగంటే అదే.

నాన్నకు ఒంట్లో బాగాలేనప్పుడు, ఈసారి నిజంగానే దిగిపోతానన్నాడు. అలా దిగిపోయే పెద్దకు, తన చేత్తో ఇంకొకరి భుజాన కండువా వేసే హక్కుంది. ఆ పున్నమికి నేను ఇస్త్రీ చొక్కా వేసుకుని ముందు వరసలో కూర్చున్నాను. అందరూ నావైపే చూస్తున్నారని నాకు తెలుసు. నాన్న నన్ను దాటి నాలుగో వరస దాకా నడిచి, మా కార్ఖానాలోనే సాంచాలు బాగుచేసే జాబర్ భుజాన కండువా వేశాడు.

వరసకు నేనతన్ని బావ అనేవాణ్ణి. పేరు రాయను. చేతులకెప్పుడూ నూనె మరకలు, చెవి మీద సగం కాలిన బీడీ, ఎవరు పిలిస్తే వాళ్లింటికి పరిగెత్తే మనిషి. ఇంటికెళ్లాక నాన్నను ఉండబట్టలేక అడిగాను, నాకేం తక్కువని. నాన్న మంచం మీద అటు తిరిగి పడుకుని, "నువ్వు నీ మాటే వింటవ్ బిడ్డా. ఆడు మంది మాట వింటడు," అన్నాడు. ఆ చలికాలంలోనే పోయాడు. ఆ మాటను మాత్రం నాకు వదిలిపోయాడు.

ఆ తర్వాత ఏటా, అంతకు ముందు పెద్దగా ఉన్నవాడి కొడుకుగా, బావ భుజాన కండువా వేసే పని నాది. పదకొండుసార్లు వేశాను. నవ్వుతూ వేశాను. అసూయ ఉండేదా? ఉండేది. కానీ మనిషికి అసూయ ఉండటం వేరు, దాన్ని పనిలో పెట్టడం వేరు. పదకొండేళ్లు నేను దాన్ని పనిలో పెట్టలేదు. ఈ ఒక్కటి నా తరఫున చెప్పుకోనివ్వండి.

పన్నెండో ఏడు నా దగ్గర నేసే ఒక ముసలాయనకు చూపు మందగించింది. పోగు తెగినా కనబడేది కాదు. ఒక పెద్ద ఆర్డరు చద్దర్లు పాడయ్యాయి. నాకు కోపం నసాళానికంటింది. అందరి ముందూ, తాగి నేశావని అరిచి, బయటికి గెంటాను. ఆయన జన్మలో తాగి ఎరగడు. అది నాకు తెలుసు. తెలిసే అన్నాను. చూపు పోయిందంటే జాలి పడాల్సి వస్తుంది, తాగాడంటే పడక్కర్లేదు.

మర్నాడు బావ నన్ను గుడి ముందుకు పిలిపించాడు. ముసలాయన్ని కూడా పిలిపించాడు. వాడ జనమంతా నిలబడ్డారు, బీడీలు చుట్టే ఆడవాళ్లు చాటలు ఒళ్లోంచి దించి మరీ వచ్చారు. బావ గొంతు పెంచలేదు. ఆయన తాగలేదు, నేను తప్పు మాట్లాడాను అని నా నోటితో చెప్పమన్నాడు. చెప్పాను. తల కొట్టేసినట్టయింది. అతను చేసింది న్యాయమే. ఆ రోజు కూడా అది న్యాయమేనని నాకు తెలుసు. న్యాయం కాకపోయి ఉంటే బహుశా మర్చిపోయేవాణ్ణి.

ఆ తర్వాత పన్నెండో రోజున నూలు పున్నమి వచ్చింది.

గుడికి వెళ్లేటప్పుడు నేనేమీ అనుకోలేదు. దీన్ని ఎన్నోసార్లు నాలో నేను తవ్వి చూసుకున్నాను. ఇంటి నుంచే అనుకుని వెళ్లానా? లేదు. బావ పాత కండువా తీసి దేవుడి ముందు పెట్టి, "ఏడాది మోసిన. ఇగ మీ ఇష్టం," అన్నప్పుడు మాత్రం ఒక ఆలోచన వచ్చింది. కాసేపు ఉండనిద్దాం. నన్ను నలుగురిలో నిలబెట్టాడు కదా, అతను కూడా ఒక నిమిషం నిలబడనీ. పళ్లెం సగం తిరిగాక లేద్దాం.

హారతి బయల్దేరింది. ముందు ఆడవాళ్ల వైపు వెళ్లింది. బావ బోసి భుజంతో నిలబడి ఉన్నాడు, ముఖంలో మామూలు నవ్వే. నా వైపు చూశాడు, రారా అన్నట్టు. నేను దేవుడి వైపు చూశాను. పళ్లెం సగం తిరిగింది. ఇంకొంచెం, అనుకున్నాను. బావ నవ్వు కొద్దిగా సడలింది. అది చూసి నాకు సంతోషం వేసింది. ఈ మాట రాయడానికి పెన్ను రెండుసార్లు పక్కన పెట్టాను, కానీ అది సంతోషమే. పళ్లెం నా దగ్గరికి వచ్చింది. రెండు చేతులూ మంట మీద చాచి కళ్లకద్దుకున్నాను. పక్కవాడికి అందించాను. ఇంకా ముగ్గురున్నారు. ఇప్పుడైనా లేవచ్చు. నడుం కొంచెం ఎత్తాను కూడా. ఆ రోజు పళ్లెం తొందరగా తిరిగిందని ఒకప్పుడు నాకు నేనే చెప్పుకునేవాణ్ణి. తొందరగా తిరగలేదు. ఎప్పటిలాగే తిరిగింది. నేను మళ్లీ చతికిలబడ్డాను.

పళ్లెం దేవుడి ముందుకు చేరింది. గుడిలో గాలి ఆడినట్టు లేదు. ఎవరికీ ఏం చెయ్యాలో తెలియలేదు, ఇలాంటిది ఎవరూ చూడలేదు కదా. బావ రెండు నిమిషాలు అలాగే నిలబడ్డాడు. అందరివైపూ ఒకసారి చూసి చేతులు జోడించి, "మంచిది," అన్నాడు. చెప్పులు తొడుక్కుని వెళ్లిపోయాడు. భోజనానికి ఆగలేదు.

అతను గడప దాటగానే అందరూ నా మీద పడ్డారు. ఏమైంది, ఎందుకు లేవలేదు అని. అప్పుడు నిజం చెప్పి ఉంటే పది మంది నాలుగు తిట్లు తిట్టి, బావను చెయ్యి పట్టుకుని వెనక్కి తెచ్చేవాళ్లు. సాయంత్రానికి నవ్వుకునే సంగతి అయ్యేది. నేను మాత్రం, బావే నన్ను లేవద్దన్నాడని చెప్పాను. అలిసిపోయాడని, దిగిపోతానంటే మీరు ఒప్పుకోరు కాబట్టి ఇలా చెయ్యమని నన్ను బతిమాలాడని చెప్పాను. అంత పెద్ద అబద్ధం తడుముకోకుండా ఎలా వచ్చింది? ముందే తయారుచేసుకోలేదని ప్రమాణం చేసి చెప్పగలను. కానీ నా ప్రమాణానికి విలువేముంది?

జనం నమ్మారు. కొందరికి కళ్లనీళ్లు తిరిగాయి. ఇంటికి వెళ్లి అడుగుదామని పెద్దవాళ్లు బయల్దేరబోతే నేనే ఆపాను. పోవద్దు, అడిగితే మొహమాటపడి మళ్లీ నెత్తికెత్తుకుంటాడు, కొన్నాళ్లు వదిలెయ్యండి అన్నాను. మూడు రోజులు బావ గడప ఒక్కరు తొక్కలేదు. నేను తొక్కనివ్వలేదు. అతను ఇంట్లో కూర్చుని ఆ ఖాళీ గడపను చూసి ఏమనుకున్నాడో ఊహించుకోండి. నేను పద్నాలుగేళ్లుగా ఊహించుకుంటున్నాను.

మూడు రోజులు పనికి రాని బావ, నాలుగో రోజు మధ్యాహ్నం తనే నా కార్ఖానాకు వచ్చాడు. కరెంటు పోయి సాంచాలన్నీ ఆగి ఉన్నాయి. నేసేవాళ్లు టీకి బయటికెళ్లారు. సాంచాల చప్పుడులో ఏ మాటైనా తప్పించుకోవచ్చు, ఆ నిశ్శబ్దంలో కుదరలేదు. అతను కూర్చోలేదు. అలవాటు కొద్దీ పక్కనున్న సాంచె బెల్టు ఒకసారి లాగి చూశాడు.

"నువ్వెందుకు లేవలే?" అన్నాడు.

నిజం నాలుక చివర దాకా వచ్చింది. నిజంగా వచ్చింది. కానీ అప్పటికే వాడకు ఒక అబద్ధం చెప్పి ఉన్నాను. దాన్ని నిలబెట్టాలంటే ఇంకొకటి కావాలి.

"వాడ మాట కాదని నేనెట్ల లేస్త బావా?" అన్నాను.

"వాడ వద్దన్నదా?"

"ముందుగాలనే చెప్పిండ్రు, లేవకుమని."

"ఎవరెవరు?"

"పేర్లెందుకు, జానే దో. అందరు."

"అందరా?" అన్నాడు. బెల్టు మీద చెయ్యి అలాగే ఉంది. "నా తప్పు ఏందట?"

"నాకేం ఎరుక బావా. ఏదో ఉంటది కద."

తల ఊపాడు. ఒప్పుకుంటున్నట్టు, గుర్తు చేసుకుంటున్నట్టు ఊపాడు. తర్వాత నా దగ్గరికొచ్చి రెండు చేతులూ జోడించాడు. నాకంటే ఎనిమిదేళ్లు పెద్దవాడు.

"మొన్న నిన్ను గుడి ముంగట నిలబెట్టిన. ఇంట్ల పిలిచి చెప్తే అయిపోతుండె. మందిల ఇజ్జత్ తీసిన. నన్ను మాఫ్ చెయ్యిరా."

నేనేమన్నానో అక్షరం పొల్లుపోకుండా గుర్తుంది.

"మనసుల పెట్టుకోలే బావా. మాఫ్ చేసిన, పో," అన్నాను.

అతని ముఖం తేలికపడింది. నా భుజం తట్టి వెళ్లాడు.

నేను లేవకపోవడం తప్పే. వాడకు, బావకు అబద్ధాలు చెప్పడం ఇంకా పెద్ద తప్పు. కానీ వాటిని కోపమనో, భయమనో నాకు నేను ఏదో పేరు పెట్టుకుని ఒప్పించుకోగలిగాను. "మాఫ్ చేసిన" అన్న దానికి మాత్రం ఇవాళ్టిదాకా ఏ పేరూ దొరకలేదు. అతను జోడించిన చేతుల ముందు నేను నిలబడి ఉన్నాను, పెద్దమనిషి తరహాలో. ఒక్క క్షణం నాకు నిజంగానే ఉదారంగా అనిపించింది. అతన్ని క్షమించినందుకు నా మీద నాకే గౌరవం కలిగింది. మనిషి ఇంతదూరం పోగలడా? పోయాను కదా.

ఇక్కడితో అయిపోలేదు. ఆ "అందరు" అన్న ఒక్క మాట పట్టుకుని బావ ఇల్లిల్లూ తిరగడం మొదలుపెట్టాడు. పని అయ్యాక సాయంత్రాలు రోజుకు రెండు మూడు ఇళ్లు. ఎందుకు వద్దన్నారని ఎవర్నీ అడగలేదు, ఆ మాట ఎత్తడం అతనికి నామోషీ. గడపలో నిలబడి, ఇన్నేళ్లలో తెలిసో తెలియకో ఏమన్నా తప్పు చేసి ఉంటే మాఫ్ చెయ్యండి అనేవాడు. వాళ్లకు అది పదవి దిగిపోయే మనిషి మర్యాద అనిపించింది. అయ్యో, అంత మాటెందుకు అంటూనే, అతను వదలకపోతే సరే మాఫ్ చేసినం అనేవాళ్లు. నలభై ఇళ్లలో నలభైసార్లు ఆ మాట విన్నాడు. ప్రతిసారీ, అయితే ఈ ఇంటికీ నా మీద ఏదో ఉందన్నమాట, అనుకుని ఉంటాడు.

చూపు మందగించిన ముసలాయన ఇంటికి కూడా వెళ్లాడు. ఎవరి పరువు కోసం నన్ను నిలదీశాడో ఆయనకే చేతులు జోడించాడు. ముసలాయన అతని కాళ్లు పట్టుకుని ఏడ్చాడట. తడుముకుంటూ నా దగ్గరికొచ్చి, ఆ మనిషికేమైంది, ఎందుకిట్లా తిరుగుతున్నాడని అడిగాడు. వాడ వదిలి పోతున్నాడు కదా, సెలవు తీసుకుంటున్నాడని చెప్పాను. అప్పటికి బావ వాడ వదిలి పోతాడని ఎవరూ అనుకోలేదు, నాతో సహా. నెల తిరిగేసరికి నిజంగానే సామాను ఎత్తుకుని నీలం నగర్ వెళ్లిపోయాడు. అక్కల్‌కోట్ రోడ్డు వైపు ఒక కార్ఖానాలో జాబర్ పనికి కుదిరాడు. ఇన్నేళ్లు మా మంచీచెడూ చూసి చెప్పాపెట్టకుండా పోయాడే అని వాడ జనం నొచ్చుకున్నారు. అడుగుదామన్నవాళ్లకు, అడిగితే బాధపడతాడు, వద్దు అన్నాను.

కండువా నా భుజం మీదికి వచ్చింది. రాదా మరి. మీ నాన్న కూర్చున్న చోటే కదా అని వాళ్లే ఇంటికొచ్చి అడిగారు. నేను రెండుసార్లు వద్దన్నాను, పద్ధతి ప్రకారం.

మరుసటి ఏడు నూలు పున్నమి నాడు నేను పాత కండువా తీసి దేవుడి ముందు పెట్టి, చెప్పాల్సిన మాట చెప్పి, తలొంచుకుని నిలబడ్డాను. అప్పటిదాకా నాకు తట్టనే లేదు. ఇప్పుడు నాకంటే ముందు పెద్దగా ఉన్నవాళ్ల ఇల్లంటే బావ ఇల్లు. అతను లేస్తే తప్ప కండువా నా భుజం మీదికి రాదు. అతను రాడు, న్యాయంగా రాకూడదు, వచ్చినా లేవకూడదు అనుకున్నాను. తలెత్తి చూస్తే వెనక తలుపు దగ్గర నిలబడి ఉన్నాడు. నీలం నగర్ నుంచి సిటీ బస్సులో వచ్చాడు. హారతి వెలిగిందో లేదో, పళ్లెం ఇంకా ఎవరి దగ్గరికీ పోకముందే, జనాన్ని తప్పించుకుంటూ గబగబా వచ్చి కండువా తీసి నా భుజాన కప్పాడు. నేను ఒక్క క్షణం కూడా బోసిగా నిలబడకూడదని తొందరపడినట్టున్నాడు. ముడత సరిచేశాడు. నా ముఖం చూసి నవ్వాడు. భోజనానికి ఆగమంటే పని ఉందని వెళ్లిపోయాడు.

అలా ఎనిమిదేళ్లు వచ్చాడు. ఏడాదిలో వాడకు వచ్చేది ఆ ఒక్కరోజే. ఏటా నా భుజం ముట్టుకున్నాడు. ఏటా చెబుదామనుకున్నాను. ఎనిమిది పున్నములు. ఎందుకు చెప్పలేదు? వాడ నన్ను వెలివేస్తుందనా? మొదట్లో అంతే. తర్వాత తర్వాత అది కాదు. నిజం తెలిస్తే కూడా అతను నన్ను అదే నవ్వుతో చూస్తాడేమోనని భయం వేసింది.

ఆరేళ్ల కింద బావ పోయాడు. కబురు తెలిసి వాడంతా నీలం నగర్ వెళ్లింది. మాలో చనిపోయినవాళ్లను మొయ్యడానికి ముందు వాడ భుజాలే పెట్టాలి. నలుగురం ముందుకెళ్లాం. బావ భార్య, వరసకు నాకు అక్క, గుమ్మానికి అడ్డంగా నిలబడింది. "బతికినప్పుడు వద్దన్న మనిషిని గిప్పుడు మొయ్యనీకి వచ్చిండ్రా?" అంది. వాడవాళ్లకు ఏమీ అర్థం కాలేదు, ఒకరి ముఖాలొకరు చూసుకున్నారు. దుఃఖంలో ఏదో అంటోంది, వదిలెయ్యండి అన్నాను. అక్కడ కూడా, శవం ముందు కూడా, నా నోరు దాని పని అది చేసింది. బావను అతని కార్ఖానాలో పనిచేసే మరాఠీ కూలీలు మోశారు. వాడ మొత్తం చేతులు కట్టుకుని వెనక నడిచింది. ఆ ఇంటి నుంచి ఇక ఎవరూ రాలేదు, అంతకు ముందు పెద్ద మా నాన్నే కాబట్టి అప్పట్నుంచి ఏటా మా ఇంటి నుంచి నా కొడుకే లేచి నా భుజాన కండువా వేస్తున్నాడు.

ఇన్నేళ్లూ రాయనివాణ్ణి ఇప్పుడెందుకు రాస్తున్నాను? మారానని కాదు. పోయిన వారం నీలం నగర్ కూరగాయల బజారులో అక్క ఎదురైంది. బాగా వంగిపోయింది. వేళ్లకు బీడీ ఆకు పసరు అలాగే ఉంది. తప్పించుకుందామనుకుంటే నన్నే పిలిచింది. కోపంగా కాదు.

"తమ్మీ, నేను సుత పోయే రోజులు దగ్గరికొచ్చినయ్. ఒక్కటి చెప్పు. ఆయన అంత ఏం తప్పు చేసిండు? పోయే రోజు దాంక గదే అన్నడు. నా తప్పు ఏందో దొర్కుతలేదే, దొర్కుతలేదే అని."

ఏమీ లేదక్కా అన్నాను. ఏమీ లేకుండానే నలభై ఇళ్లు వద్దంటాయా అంది. నా దగ్గర జవాబు లేదు. ఉంది. ఉండీ చెప్పకుండా ఇంటికొచ్చాను.

పోయేదాకా వెతికాడంటే ఏమిటో ఆలోచించండి. పన్నెండేళ్ల పెద్దరికంలో తను తీర్చిన ప్రతి తగాదా, అన్న ప్రతి మాట, ప్రతి పెళ్లి, ప్రతి చావు ఒక్కొక్కటే తిరగేసి, లేని తప్పు కోసం వెతికాడు. మంచిపనుల్లో కూడా వెతికి ఉంటాడు. నేను అతని పదవే తీసుకున్నానని అనుకునేవాణ్ణి. పదవిదేముంది, ఏటా దేవుడి ముందు పెట్టేదే. నేను తీసుకున్నది అతను బతికిన పన్నెండేళ్ల మంచిని. వాటిని అతనికే అనుమానించేలా చేశాను.

అందుకని రాశాను. నాలుగు రోజులుగా రాస్తున్నాను. రేపు పొద్దున ఈ కాగితం తీసుకుని అక్క దగ్గరికి వెళ్తాను. నోటితో చెప్పను, చదివి వినిపిస్తాను. నోటికి వదిలేస్తే అది దారిలో ఎక్కడో మలుపు తీసుకుంటుంది. ఆదివారం గుడి దగ్గర వాడకు కూడా చదువుతాను. నా పేరు ఇందులో లేదు. వాడవాళ్లకు పేరు అక్కర్లేదు, మొదటి పేజీకే తెలిసిపోతుంది. పెద్దరికం నుంచి దించుతారా, దించనీ. ఇంటికి రాకపోకలు మానేస్తారా, మానెయ్యనీ. వాడ బావను ఎప్పుడూ వద్దనలేదు, వద్దన్నవాణ్ణి నేనొక్కణ్ణే అని ఒక చోట సిరాతో రాసి ఉంది ఇప్పుడు. ఆ వాక్యం రాశాక పెన్నుకు మూత పెట్టాను. గుండె మీంచి ఏదో కొంచెం జరిగింది. పోలేదు, జరిగింది. ఊపిరి ఆడేంత.

అక్కను గానీ వాడను గానీ నన్ను మాఫ్ చెయ్యమని అడగను. మాఫ్ చెయ్యడం ఎంత తేలికో నాకు తెలుసు. ఏ తప్పూ చెయ్యని మనిషిని ఒక్క నిమిషంలో మాఫ్ చేసి పంపించేశాను.